కేబేజీ తరిగే కత్తి

నవంబరు. గొలెగా ఊళ్ళో గుర్రాల సంత.
కాల్చిన చెస్ట్‌నట్ గింజల పొగ
కొత్త జీన్లకీ, అల్లిన జూళ్ళకీ
తేడా చూపకుండా అంటుకుంటోంది.
మేస్త్రి బల్తజార్ నా చేతిలో నూట ఇరవై యూరోలు పెట్టి
"మూడే కొను జుల్మీరా,
మూడూ నీకంటే ఎక్కువ కాలం బతకాలి" అన్నాడు.

పోయినేడు నేనే కొన్నాను ఒక పెట్టె:
పన్నెండు పనిముట్లు, ఇరవై యూరోలు,
మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు.
కళ్ళేనికి రెండు పొరల తోలు కుడుతుంటే
ఆరె మొన వంగింది,
ఎండలో మరిచిపోయిన కొవ్వొత్తిలా.
ఆడలేనివాడే మద్దెల ఓడంటాడు, ఒప్పుకుంటాను.
మద్దెల నిజంగానే ఓడైన రోజు
ఆ సంగతి నమ్మేదెవరు?
మేస్త్రి నమ్మాడు.
వంగిన ఆరెను గోడకి మేకు కొట్టి తగిలించాడు,
క్యాలెండరు పక్కన.

సంత చివర, గుర్రాలకి నీళ్ళు పెట్టే తొట్టి దగ్గర,
ఎతెల్వీనా అనే ముసలావిడ దుప్పటి పరిచింది.
పోయిన భర్త ఫిర్మీనో సామాను. బేరం లేదు.
తుప్పు ఉంది, కానీ పైపైనే.
కుట్టు గుర్తులేసే ఇనప దువ్వెన తీసి
ఆకాశానికెత్తి చూశాను:
పళ్ళ సందుల్లోంచి వెలుతురు
అన్నిచోట్లా ఒకే మందాన దిగింది.
తోలుముక్క మీద ఒక్క దెబ్బ.
పదో గుర్తు మొదటి గుర్తంత లోతు.
ఇది ఒకటి.

ఆరెలు ఏడున్నాయి. పిడి కుదిపాను, మొన కదిలితే పక్కన పెట్టాను.
మిగిలినవి గోటి మీద ఆనించాను.
జారినవి పోయాయి, కరుచుకున్నది మిగిలింది.
నాలుగు అంచుల మొన, పాత ఆలివ్ కర్ర పిడి,
ఎవరి అరచేయో నలభై ఏళ్ళు కూర్చున్న గుంట.
నా అరచేయి అందులో సరిపోలేదు.
సరిపోయేదాకా కుడతాననుకున్నాను.
ఇది రెండు.

పనిముట్ల తోలుచుట్ట విప్పితే
ఒక అర ఖాళీగా ఉంది, చంద్రవంక ఆకారంలో.
"దీంట్లోది?"
ఆవిడ గింజ పొట్టు ఒలుస్తూనే ఉంది.
"ఇంట్లో ఉంది. కేబేజీ తరుగుతా దాంతో."

నవ్వొచ్చింది నాకు. ఆవిడకి రాలేదు.
సాయంత్రం దుప్పటి మడిచి వంటింటికి తీసికెళ్ళింది.
ఆకులు చుట్టగా చుట్టి
నెలవంక కత్తిని అటూ ఇటూ ఊయల ఊపింది.
పచ్చటి వెంట్రుకల్లాంటి తీగలు
బల్ల మీద కుప్పపడ్డాయి,
ఒక్కటీ చిట్లలేదు, ఒక్కటీ అతుక్కుని రాలేదు.
ఎద్దుతోలు కోసిన ఉక్కు అది.
మూడు వందల జీన్ల అంచులు దానికి తెలుసు.
పొయ్యి మీద బంగాళాదుంప పులుసు ఉడుకుతోంది.
నా జేబులో ఇంకా అరవై యూరోలున్నాయి.

"అమ్మను," అంది నేనడగకుండానే.
"ఆయన చేతిలో ఇది ఆగిన రోజు
నేనూ ఆగిపోతాననుకున్నాను.
మూడో రోజు ఆకలేసింది."

పులుసు పోసింది. తాగాను. రెండోసారీ పోసింది.
"నాకు నూరడం రాదు, మొద్దుబారుతోంది.
నెలకోసారి వచ్చి పదును పెట్టిపో.
నా తరవాత నీదే."

రెండు పనిముట్లతో తిరిగొస్తే
మేస్త్రి దువ్వెన చూశాడు, ఆరె చూశాడు.
"మూడోది?"
"ఇంకా ఉద్యోగంలో ఉంది," అన్నాను.

అప్పట్నించి ప్రతి నెలా మొదటి ఆదివారం
సానరాయి తడిపి, ఆవిడ వంటింట్లో కూర్చుంటాను.
తోలుపట్టీ మీద వెనక్కి లాగుతాను,
ముంజేతి నూగు మీద పరీక్షిస్తాను.
నూరినప్పుడల్లా కత్తి వెంట్రుకవాసి తగ్గుతుంది.
ఆవిడ మెట్లెక్కే చప్పుడు కూడా.
ఇది తొందరగా నాది కాకూడదని
మనస్ఫూర్తిగానే కోరుకుంటాను.
ఈలోగా నా బొటనవేలు, నన్నడక్కుండానే,
ఆ వంపు నేర్చేసుకుంటోంది.