సుద్ద గుర్తులు

గవర్నర్‌పేటలో జెరాక్స్ షాపు మీద మేడ.
రెండు ఫ్యాన్లు, నాలుగు కంప్యూటర్లు.
నాకిచ్చిన పని చూడ్డానికి తేలికే:
నూట డెబ్బై చిల్లర దేశాలు,
ఎనిమిది గంపలు.
ఏ దేశం ఏ గంపలోదో రాసిపెడితే
ఎవరి ప్రజాస్వామ్యం ఎంత చిక్కనిదో
పాలకేంద్రం లాక్టోమీటరులా
యంత్రం చూసుకుంటుంది.

పదకొండింటికల్లా టర్కీ దగ్గర ఆగిపోయాను.
ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.
ఐరోపాలో వేస్తే చివరి బెంచీ,
పడమటాసియాలో వేస్తే క్లాసు లీడరు.
దేశం కదల్లేదు,
మార్కులూ మారలేదు,
కూర్చున్న గది మారింది, అంతే.

మెక్సికోని నేలని బట్టి వెయ్యాలా, మాటని బట్టా?
మారిషస్‌ని ఆఫ్రికా గంపలో వేస్తూ
ఒక్క క్షణం చెయ్యాగింది.
అక్కడి ఓటర్ల జాబితాలో
మన ఇంటిపేర్లు కూడా ఉంటాయట.
బ్యారేజీ మీద ఏ స్తంభం దగ్గర జిల్లా మారుతుందో
రోజూ దాటే బస్సు డ్రైవరే చెప్పలేడు,
మ్యాపులో మాత్రం గీత వెంట్రుకంత సన్నం.

"సగటు తీస్తారుగా, అన్నీ సర్దుకుంటాయిలే,"
అంది పక్కసీటు నూర్జహాన్.
కృష్ణ సగటు లోతు మోకాలని నమ్మి దిగినవాడి చెప్పులు
ఘాటు మెట్లమీద ఇంకా ఎండుతున్నాయన్నాను.
ఆమె నవ్వలేదు.
ఆమెది కృష్ణలంక.

రాత్రి, రైల్వే కాలనీ వెనక అద్దింట్లో
నాన్న ముందు కాగితం పరిచాను.
యేసుపాదం, పాయింట్స్‌మన్,
ముప్పై నాలుగేళ్ళు బెజవాడ యార్డులో
వ్యాగన్లు విడదీసి కలిపిన మనిషి.
కళ్ళద్దాలు తుడుచుకుని అడిగాడు:
"ఎక్కణ్ణించి వచ్చాయో చూసి కడుతున్నారా,
ఎక్కడికి పోతున్నాయో చూసా?"

నా దగ్గర సమాధానం లేదు.

"మాకు వ్యాగన్ వొంటిమీద సుద్దతో రాసేవాళ్ళు,
గూడూరు, కాజీపేట, వాల్తేరు.
బొగ్గైనా బియ్యమైనా
వచ్చిన ఊరు ఎవడిక్కావాలి?
పోయే ఊరే దాని పేరు.
వానొస్తే సుద్ద కరిగిపోయేది.
అప్పుడిక లాంతరు పట్టుకుని
ఒక్కొక్కదాని కాయితం చూడాల్సిందే.
గుంపుని చూసి చెప్పలేమమ్మా."

కాసేపాగి,
"రేక్‌లో ఒక్క ఇరుసు వేడెక్కితే
గార్డు బండి మొత్తాన్ని తిట్టడు.
ఆ ఒక్కదాన్నీ కోయించి సిక్ లైన్లో పెట్టిస్తాడు.
మీ గంపల్లో సిక్ లైన్ ఉందా?"

లేదు. ఉన్నదల్లా రంగులు.
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.
నాన్నకి తెలిసినవే,
కానీ ఇక్కడ ఏ రంగూ ఏ బండినీ ఆపదు.

మొన్న ఓట్లప్పుడు
మా సందుని తీసుకెళ్ళి పక్క వార్డులో కలిపారు.
పాత బూత్‌లో నాన్న పేరు లేదు.
కొత్త బూత్‌లో ఇంకో యేసుపాదం ఉన్నాడు,
వయసు ముప్పై ఒకటి.
ఎండలో మూడు స్కూళ్ళు తిరిగాం.
నాలుగోదాంట్లో, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన
గోడకంటించిన కాగితంలో
దొరికాడు మా నాన్న,
ఎప్పుడో తీసేసిన మీసంతో.
ఆటోలో సిరావేలు చూసుకుంటూ అన్నాడు:
"తప్పు లైన్లో పడ్డ వ్యాగన్ తనంతట తను రాదు.
ఎవడో ఒకడు వెతుక్కుంటూ పోవాలి."

ఆ ఓటు కూడా
దక్షిణాసియా సగటులో
చుక్క తర్వాత
ఏ అంకె చాటునో ఉండుంటుంది.

పన్నెండు దాటింది.
టర్కీ గడి ఖాళీగానే ఉంది.
ఖాళీ ఒప్పుకోనని
తెర మీద ఎర్రగా మెరుస్తోంది.
యార్డు వైపునుంచి
ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు,
ఒకదాని వెనక ఒకటి, దూరమవుతూ.
నాన్న కళ్ళు మూసుకునే లెక్కపెట్టాడు.
"నలభై రెండు," అన్నాడు.
"ఒకటి సరిగ్గా పడలేదు.
మళ్ళీ కొడతారు, విను."