స్పాంజి

మూసారంబాగ్ పండ్ల దవాఖానల
నా పని కడుగుడు.
సూదులు, పట్కార్లు, చిన్నద్దాలు, ఉమ్మి తొట్లు.
కండ్లకు కనవడని పురుగే అసలు దుష్మన్ అని
పదకొండేండ్ల కింద డాక్టరమ్మ చెప్పింది.
అప్పటిసంది నా చేతులు బ్లీచింగు వాసన.
అన్నం కలుపుతుంటె మా ఆయన మొకం తిప్పుకుంటడు.

సోమవారం పొద్దుగాల
కుర్చీల పక్క గాజుతొట్లె
బంగారు చేప నీళ్ల మీదికొచ్చి
నోరు తెరుస్తున్నది, మూస్తున్నది.
రెక్కలు పెయ్యికి అంటుకపోయినయి
వానకు తడిసిన రసీదు లెక్క.
మొప్పల కింద ఎర్రగ, కాలినట్టు.
నీళ్లేమో అద్దమే.
గందుకే నాకు అనుమానం రాలే.

దౌడ పట్టుకోని కూసున్నోళ్లంత డాక్టర్లయిన్రు.
దిష్టి అన్నదొకామె, ఎర్రనీళ్లు తిప్పి పొయ్యమన్నది.
యాపాకు అన్నడు రిటైరైన కండక్టరు.
రూట్ కెనాల్ పిలగాడు ఫోన్ల చూసి
"తెల్లమచ్చలు లేవక్కా, గా రోగం గాదు" అన్నడు.
"చేపకు పన్ను నొస్తున్నదా?" అని ఒక చిన్నపిల్ల.
డాక్టరమ్మ మాస్కు కిందికి గుంజి
"దానికి పండ్లు గొంతుల ఉంటయి, నా చెయ్యి పోదు"
అని మళ్ల లోపలికి పోయింది.

మిరుగు నాడు ఈ ఊర్లె
ఊపిరాడనోళ్లు లైన్ల నిలవడి
బతికున్న చేపను మింగుతరు.
మరి చేపకే దమ్మొస్తే
అది ఎవరిని మింగాలె?

రెండు బస్సులు మారి ముర్గీచౌక్ పోయిన.
ఫసీ భాయ్ నా ఫోన్ల ఫోటో దిక్కు చూడనే లేదు.
"మచ్ఛీ కు నక్కో దేఖో అమ్మా, పానీ కు దేఖో."
సీసల తెచ్చిన నీళ్లల్ల
చుక్కలు లెక్కవెట్టి మందు ఏసిండు.
పసుపు రంగే ఉండాలెనంట.
పచ్చగైంది. ఇంక పచ్చగైంది.
ఉడికిన గోంగూర రంగు దాంక పోయి ఆగింది.

"స్పాంజి కడిగినవా?"
కడిగిన. శనివారం. నల్లా కింద,
తెల్లగయ్యేదాంక పిండి పిండి.
ఎంత మంచిగ కడిగిన్నో చెప్పబోయి
ఆయన మొకం చూసి ఆగిన.

చేప ఉచ్చ చేపకే విషమంట.
ఆ విషం తిని బతికే పురుగులు
స్పాంజిల కాపురముంటయంట,
కండ్లకు కనవడవంట.
నల్లానీళ్ల మందుకు సచ్చిపోతయంట.
ఎన్నుండెనో.
పదకొండేండ్ల పనితనమంత పెట్టి
ఒక్కటి మిగలకుంట కడిగిన.

ఆయన పెద్ద తొట్లకెల్లి
నల్లటి, జిగట స్పాంజి ఒకటి తీసి
కవర్ల నీళ్లు పోసి ముడేసిండు.
పైసలియ్యబోతే, "మైల్ కే పైసే నక్కో" అన్నడు.
మలక్‌పేట బస్సుల ఒళ్లె పెట్టుకున్న.
పక్కామె ముక్కు మూసుకోని జరిగింది.
ఎవరి మురికినన్న ఇంత పైలంగ మోసిన్నా
అని యాదికి తెచ్చుకున్న. లేదు.

బకెట్ల పట్టిన నీళ్లు రాత్రంత ఆరవెట్టి
తెల్లారినంక సగం మార్చిన.
ఇంత దొడ్డుప్పు.
మూడొద్దులు మెతుకు ఎయ్యలే.
అద్దం కాడికొచ్చి నా దిక్కే చూస్తది.
పస్తుంచుడు గూడ మందేనని
దానికెట్ల చెప్పాలె?

శుక్రవారం ఒక రెక్క ఇచ్చుకున్నది.
ఆదివారం నాకు సెలవు, చూడలే.
సోమవారం వరకు రెండోది.
తోక కొస మాత్రం చినిగే ఉన్నది.
వస్తే వస్తది, లేకుంటె లేదన్నడు ఫసీ భాయ్.

పట్కార్లు ఇయ్యాల గూడ ఆవిరిల పెట్టిన,
పదిహేను నిమిషాలు, ఎప్పటి లెక్కనే.
తొట్టి అద్దానికి లోపలి దిక్కు
గోరంత పాకర పట్టింది.
బట్ట నా చేతులనే ఉన్నది.
కుర్చీల కూసున్న.