పన్నెండో సూది

పోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు టాలీ గుమాస్తాని.
ఓడలోకి ఎన్ని బస్తాలు ఎక్కాయో
ఓడ కెప్టెన్ కంటే ముందు నాకు తెలిసేది.
రిటైరయ్యాక, పాత పోస్టాఫీసు వెనక
మా గుడికి లెక్కలు రాస్తున్నాను.
దేవుడికి లెక్కలు అక్కర్లేదంటారు అయ్యగారు.
కస్టమ్స్ వాళ్ళకి కావాలి.

అక్కడ యుద్ధం ఆగిందట.
రెండేళ్ళు మూసిన రేవు
వారానికొక ఓడకి సందు ఇస్తుందట.
పంపదగినవి ఒక్క వరుస:
బియ్యం, పాలపొడి, సబ్బు, కుట్టిన బట్టలు.
పంపకూడనివి నాలుగు పేజీలు.
అగ్గిపెట్టె, బ్యాటరీ, కత్తెర, పిల్లల కంపాస్ బాక్సు,
పదిహేడో నంబరు దగ్గర, సూది.

"మరి చిరిగితేనో?" అంది పెర్సిసమ్మ.
అయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

సండే స్కూల్ బెంచీలు గోడకి జరిపి
దొర్కా సంఘం ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు.
ఉన్న మిషన్లు రెండు, ఒకటి మొరాయిస్తుంది.
చేతికుట్టే ఎక్కువ.
లేత నీలం గౌన్లు, ఆరేళ్ళ పిల్లలకి.
"ఒక సైజు తగ్గించండి" అంది కెరెనమ్మ,
కేజీహెచ్ పిల్లల వార్డులో నర్సుగా చేసిన మనిషి.
"ఆకలి పడ్డ పిల్ల వయసుకి సరిపోదు."
తగ్గించి కత్తిరిస్తే గుడ్డ మిగిలింది.
అలా మిగలడం ఎవరికీ నచ్చలేదు.

జాలారిపేట నించి నూకాలు
తట్టెడు ఎండు నెత్తళ్ళు తెచ్చింది.
చేపలు పంపనివ్వరమ్మా, వాసన, అన్నాను.
"ఆకలికి ముక్కుంటాదా బాబూ?"
తట్ట దించి వెళ్ళిపోయింది.
మా గుడి మనిషి కాదు.
హుద్‌హుద్ గాలికి కప్పు పోయినప్పుడు
ఆమె పిల్లలు మా వరండాలో పడుకున్నారు.
పాల ప్యాకెట్ దొరకని ఆరు రోజులు.
ఆరే రోజులు.
అక్కడ రెండేళ్ళు, అని రాస్తుంటే
పెన్ను కాస్త ఆగింది.
నెత్తళ్ళు కుట్టేవాళ్ళ అన్నంలోకి పులుసయ్యాయి.
ఏ పద్దులో వెయ్యాలో తెలీక
మార్జిన్‌లో రాసుకున్నాను.

సాయంత్రం సూదులు లెక్కపెట్టి
డబ్బాలో వెయ్యడం నా పని.
చివరి రోజు పదకొండే ఉన్నాయి.
చాపలు దులిపాం.
అమోసు స్పీకరు అయస్కాంతం తెచ్చి నేలంతా ఈడ్చాడు.
దొరికినవి రెండు గుండుసూదులు, ఒక మేకు.
మూడొందల నలభై గౌన్లు
మూటలై, సీళ్ళు పడి, అప్పటికే పోర్టు గేటు దాటాయి.

పెర్సిసమ్మ వేలితొడుగు తిప్పుకుంటూ కూర్చుంది.
"ఏ మడతలోనో గుచ్చి మర్చిపోయానేమో."
నలభై ఏళ్ళుగా కుడుతోంది.
పెళ్ళిరోజు నాడు మొగుణ్ణి మర్చిపోయిందేమో గానీ
సూది మర్చిపోవడం నేను చూడలేదు.

ఆ రాత్రి నిద్ర లేదు.
ఒక పిల్ల గౌను తొడుక్కుంటూ కెవ్వుమన్నట్టు.
ఒక సోల్జరు మూట విప్పి
మా పన్నెండో సూదిని వెలుతుర్లో ఎత్తి పట్టినట్టు.
తెల్లారుజామున యారాడ కొండ అవతల
ఓడ కూత పెట్టింది.
లేచి రాశాను:
ఇచ్చినవి పన్నెండు, తిరిగొచ్చినవి పదకొండు,
తేడా కింద ఒక గీత.
నా సర్వీసులో కారణం రాయని తేడా అదొక్కటే,
అదీ సర్వీసు అయిపోయాక.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది,
కప్పు లేని ఒక గుడి నించి.
బియ్యం ఇంత, సబ్బులు ఇన్ని,
గౌన్లు మూడొందల ముప్పై ఎనిమిది.
రెండు తక్కువ. ఎవరో వేసుకునే ఉంటారు, పోనీ.
సూది మాట లేదు.

కాగితాలు రెండు. పిన్ను లేదు.
పై మూల దారంతో కుట్టి ఉంది,
మూడు పోట్లు, ఒక ముడి.
దారం లేత నీలమో,
నీరెండకి వెలిసిన తెలుపో, నా కంటికి ఆనలేదు.

పెర్సిసమ్మ కిటికీ దగ్గరికి తీసికెళ్ళి
చాలాసేపు చూసింది.
"వంకర కుట్టు" అంది.
"కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి."