వెళ్ళినవాళ్ళ లెక్క

రేపు వస్తామన్నారు కదా,
ఐదుగురు, చంటిపిల్ల కాక.
దూరమెంత అని ఫోనులో రెండుసార్లు అడిగారు.
మెట్ల లెక్కయితే మూడువేల పైచిలుకు.
మా ఖాసీవాళ్ళకి నాలుగు వక్కలు.
ఒక వక్క నమిలి ఊసేలోగా ఒక మలుపు దిగుతాం.
ఎక్కేటప్పుడు ఆ నాలుగే ఏడవుతాయి.
ఆ మూడు వక్కల తేడాని
ఎవరూ సంచిలో సర్దుకు రారు.

పెందలాడే రండి.
ఎండ కాస్తోందని ధీమా పడకండి.
మీ నెత్తిన పడే వానతో నాకు పేచీ లేదు,
దానికి మా అత్త అల్లిన వెదురు చేట ఉంది,
తలమీంచి నడుందాకా కప్పుతుంది.
బెంగల్లా పైన గట్టు మీద
మీకు వినపడకుండా కురిసే వానతో.
అది పడ్డ గంటకి ఇక్కడ వాగు రంగు మారుతుంది.
ముందు పలచటి డికాషన్,
ఆనక పాలు పోసిన టీ.
మూడో రంగు చూడ్డానికి నిలబడకండి.

వాగు నడుమ ఒక రాయుంది,
ఆవు పడుకున్నట్టు.
దాని డొక్క మీద మా అమ్మ సున్నంతో గీత గీసింది,
వక్కలోకి రాసుకునే సున్నమే.
ఏటేటా వరద చెరిపేస్తుంది,
ఏటేటా నేను గీస్తాను.
మా ఇళ్ళలో ఆస్తి కడసారి కూతురిది.
ఇల్లూ, రాగి బిందే, ఆ గీతా
నా వాటాకొచ్చాయి.
గీత కనపడితే దాటండి.
కనపడకపోతే ఒక ఫోటో తీసుకుని వెనక్కి తిరగండి.
వద్దు, ఫోటో కూడా వద్దు.

కొత్త బూట్లు వేసుకోకండి, కరుస్తాయి.
పిల్లని మా టైబోర్ బుట్టలో మోస్తాడు,
పట్టీ నుదుటికి తగిలించి.
వాడు మాట్లాడడు, కానీ ఎక్కడ నాచుందో
వాడి మడమలకి తెలుసు.

నా కొట్టు గుమ్మంలో నోటుబుక్కు ఉంటుంది.
దిగేటప్పుడు పేరు,
ఎక్కొచ్చాక పేరు పక్కన ఒక గీత.
చాలామంది నవ్వుతారు,
బడిలో హాజరు పిలుస్తున్నావా అక్కా అని.

పోయిన జులైలో ఒక శనివారం
ఎనభై ఏడు పేర్లు,
ఎనభై ఆరు గీతలు.
మిగిలింది అనిర్బాన్ అనే కోల్‌కతా కుర్రాడు.
టార్చిలు పట్టుకుని ఆరుగురం దిగాం.
పేరు పెట్టి పిలిచాం.
నోటిదాకా వచ్చిన పేరుని
వాగు అక్కడే లాగేసుకునేది.
తెల్లారుతుండగా రాళ్ళ సందున ఒక చెప్పు దొరికింది,
ఎడమకాలిది, నీలం పట్టీది.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని
కన్నబిడ్డకి ఏడ్చినట్టు ఏడ్చాను.

మూడోరోజు ఫోను చేశాడు.
ఛార్జింగుకని నా కొట్లో పెట్టి మరిచిన
పవర్ బ్యాంకు భద్రంగా ఉందా అని.
అవతలి దారిన ఎక్కి
సుమో పట్టుకుని పోయాడట.
చెప్పాలని తోచలేదట.
తిట్టలేదు నేను.
నోటుబుక్కు తీసి వాడి పేరు పక్కన గీత గీశాను.
కాస్త గట్టిగానే,
కాగితం చిరిగి కింద పేజీ కనపడింది.

చెప్పు సంగతి అడిగితే తనది కాదన్నాడు.

అది ఇంకా మా చూరులోనే ఉంది.
టైబోర్ పారేద్దామంటాడు.
ఎవరి లెక్కలోంచి జారిందో తెలీకుండా
ఎలా పారేయను?

అందుకని, ఇంకొక్క మాట.
చంటిపిల్ల కాక అన్నారు.
మీరు ఐదుగురు కాదు, ఆరుగురు.
పిల్ల పేరు చెప్పండి, ముద్దుపేరు కాదు,
పలికే పేరు.
రాత్రి అన్నం ఐదింటికే దించేస్తాను.
ఆరో గీత పడేదాకా
కుండ మూత తీయను.