కోత

హైదరాబాదు నుంచి కాగితమొచ్చింది:
మీ పనిలో గానీ, మీకు సరుకిచ్చేటోళ్ల దగ్గర గానీ
వెట్టి లేదని రాసియ్యండి.
కింద పన్నెండు గళ్లు. గడికో టిక్కు.
"పొద్దుగూకక ముందే పంపు, వకుళా,
నాలుగెకరాల లాన్ పని చేజారుతది" అన్నడు సారు.
వెట్టి అన్న మాట చూసి నవ్విండు కూడా.
"అది మా తాతల కాలంలనే పోయింది గదా."

నేను పద్దులు రాసేదాన్ని.
హన్మకొండల, మూడో అంతస్తుల,
మట్టి అంటని తోటల కంపెనీ మాది.
గడ్డి నాకు చదరపుటడుగుల్ల తెలుసు,
ఎరువు సంచుల్ల,
మనుషులు కూలీ దినాల్ల.

పదకొండు టిక్కులు పెట్టిన.
పన్నెండోది ఇటుకలు.
పూలమడి చుట్టూ వాలుగా గుచ్చుతం చూడు,
పండ్ల వరుస లెక్క, ఆ ఎర్రటివి.
బిల్లు మీద పెద్దపల్లి అని ఉన్నది, ఇంకేం లేదు.
ఎందుకో పెన్ను ఆగింది.
ఎందుకో అని ఇప్పుడంటున్న గానీ
నిజానికి రేటు చూసి ఆగింది.
అంత చవకకు ఒట్టి మట్టి కూడా రాదు.

తెల్లారి బస్సెక్కిన.

మాఘమాసపు మంచుల
బట్టీ పొగ లేవలేక నేల మీదనే పాకుతున్నది.
జేమ అనే ఆమె అచ్చు బోర్లిస్తున్నది,
నడుము ఎత్తకుండా, ఒడియాల లెక్కబెట్టుకుంటూ.
ఆమెకొచ్చిన తెలుగుల
'బాకీ' ఒక్కటే తేటగా పలికింది.
బలంగీరుల చేతుల పెట్టిన ముప్పై అయిదు వేలు
ఇక్కడికొచ్చేసరికి నలభై రెండయినయట.
వానకు కరిగిన ఇటుక లెక్కల రాదు.
జ్వరమొచ్చిన దినం లెక్కల రాదు,
ఆ దినం తాగిన గంజి మాత్రం వస్తది.
ఆధార్ కార్డులు సేటు సొరుగుల భద్రం.

"ఊరికి పోతవా?" సైగ చేసి అడిగిన.
ఆమె కొడుకు దిక్కు చూసింది.
టుకునా. తొమ్మిదేండ్లుంటయో లేదో.
పచ్చి ఇటుకను పక్కకు తిప్పుతున్నడు
పసిగుడ్డును ఒత్తిగిలబెట్టినంత నెమ్మదిగ.
విరిగితే పైసలు కోస్తరట.

కోస్తరట.
ఆ మాట కాడ నాకు నా చేతిరాత యాదికొచ్చింది.

ధర్మసాగర్ నర్సరీల, పచ్చజాలీ కింద పండుకునే ఇద్దరు,
ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన సిడాం జంగు, వాని తమ్ముడు.
పోయిన ఎండకాలం చెల్లె దవాఖానకని
ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నరు.
అప్పటి సంది నెలనెలా నేనే రాసిన:
కోత. కోత. కోత.
గులాబీల వరుసల గూడ అదే మాట రాస్త గనుక
చెయ్యి తడబడలేదు.
దసరాకు పోతనంటే
"బాకీ తీరినంక పోదువు తియ్" అన్నడు సారు.
నేను తలూపిన.
ఫ్యాను గాలికి ఊగినట్టే ఉండె, ఎవరికీ కనబడలే.

మాపటికి ఆఫీసుకొచ్చి పాత పద్దు తిరగేసిన.
ఎనిమిది నెలలు, ఇద్దరు మనుషులు.
వాళ్ల ఇరవై వేలు పోను
డెబ్బై ఆరు వేలు మేమే బాకీ ఉన్నం.
ఎర్ర పెన్నుతో రాసి సారు ముందల పెట్టిన.
కళ్లద్దాలు తీసి తుడిచిండు, చానాసేపు.
"నీ జీతం ఎవరిస్తున్నరనుకున్నవ్?" అన్నడు.
ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ధైర్యం కాదది, ఇంటి కిరాయి.

జంగుకు సగం ముట్టింది.
మిగతా సగం శుక్రవారమని ఒక మాట.
సంచిలో మొక్క ఎక్కువ దినాలుంటే
వేర్లు లోపల్లోపలే చుట్టుకుంటయక్కా,
బయట నాటినా అట్లనే తిరుగుతుంటయి అన్నడు
నాకు లెక్క చూపించమని కూర్చుంటూ.

ఇటుకల సంగతి ఆర్డీవో ఆఫీసుల అర్జీ పెట్టిన.
గుమస్తా ముద్ర ఎత్తి పట్టుకొని
"మీకెందుకమ్మా ఇది, మీ మనుషులా?" అన్నడు.
కొన్నది మేము సార్, అన్న.

కాగితం ఇంకా నా బల్ల మీదనే ఉన్నది.
మొదటి టిక్కు కొట్టేసిన. పన్నెండో గడి ఖాళీ.
కింద గడ్డి లారీ
హారన్ కొడుతున్నది.