చివరి కుర్చీ

నవంబరు. వెనిస్‌లో నీళ్లు చర్చి గుమ్మందాకా ఎక్కాయి.
వాయించేవాళ్లు రబ్బరు బూట్లు విప్పి
బలిపీఠం వెనక వరసగా పెట్టారు.
యాత్రికులు టిక్కెట్టు కొన్నది ఆ చలి కోసం,
మూడువందల ఏళ్లుగా కరగని చలి.

ఒర్నెల్లా చెయ్యి మంచు కురిపిస్తూనే ఉంటుంది.
మనసు మాత్రం
ఇంట్లో ఉల్లిపాయలున్నాయా అని వెతుక్కుంటుంది.

ఇవాళ, గాలివాన స్వరాల నడుమ
ఠప్పున తెగింది తీగ.

పాట ఆగలేదు.
పక్కనున్నతను తన వయొలిన్ ఆమెకిచ్చాడు,
అతనికి వెనకావిడ, ఆవిడకి ఆ వెనకాయన.
నిప్పు ఆర్పేటప్పుడు చేతులు మారే బిందెల్లా.
తెగిన తీగ చివరికి
స్తంభం చాటున జేనో ఒళ్లోకి చేరింది.

ఆమె గడ్డం ఆనిన చోట
కొయ్య ఇంకా వెచ్చగా ఉంది.
కొత్త తీగ కట్టి, బిరడా తిప్పి,
చెవికి ఆనించి
ఎవరికీ వినబడకుండా మీటాడు.

ఇరవయ్యేళ్లలో మొదటిసారి
తను లేని పాట విన్నాడు.
ఏ లోటూ లేదు.
లేదనే అనుకున్నాడు, కానీ
అడుగున ఎక్కడో
బూటులోకి నీరు దిగేంత సన్నని సందు.

చప్పట్లయ్యాక
ఒంటికాలి మీద బూటు తొడుక్కుంటూ
అతని భుజం పట్టుకుని ఒర్నెల్లా అడిగింది:
వంతెన అవతలి కూరగాయల కొట్టు
ఇంకా తీసే ఉంటుందా?