పదకొండు

ఈ ఊళ్ళో కచేరీలన్నీ నా భాషలోనే పాడతారు.
నొప్పిని చెప్పుకోడానికి మాత్రం
నేను అరవం వెతుక్కోవాలి.

ట్రిప్లికేన్‌లో మందుల షాపు పైన, మొదటి అంతస్తు.
మెహరున్నీసా నా కుడి మోచేతి కింద బొటనవేలు పెట్టి
"ఎప్పడి వలిక్కుదు?" అంటుంది.
సలుపు కాదు, పోటు కాదు. తీపు.
తీపంటే ఏమని చెప్పను?
మా అమ్మ మాట. నొప్పీ అదే, బెల్లమూ అదే.
ఆవిడ కాగితం మీద సున్నా నుంచి పది దాకా గీత గీసి
వేలు పెట్టమంది.
ఆరు, అన్నాను.
కాఫీ గ్లాసు ఎత్తేటప్పుడు ఎనిమిది.

పక్క బల్ల దగ్గర చెల్లదురై, పరోటా మాస్టరు.
ఆయనకీ అదే కండ, అదే చోటు.
ఇరవై రెండేళ్ళుగా నేను తోలుని కొట్టాను,
ఆయన మైదాని.
ఇద్దరికీ ఒకటే చీటీ:
అర లీటరు సీసాలో ఇసుక,
ముంజేయి బల్ల మీద, మణికట్టు అంచు బయట,
మెల్లగా దించాలి, ఐదు లెక్కపెడుతూ.
చెల్లదురై ఒణ్ణు, రెండు అంటాడు.
నేను తకతకిట అంటాను.
"అంత వేగం కాదు, విలంబం" అంటుంది ఆవిడ.
ఆ మాట ఎక్కడ నేర్చుకుందో.

మార్గళి వచ్చింది. పద్నాలుగు కచేరీలు వదులుకున్నాను.
పన్నెండింటికి ఒక కుర్రాడు వెళ్ళాడు, హరిశంకరన్.
ఒకరోజు వెనక వరసలో కూర్చుని విన్నాను.
బాగానే వాయించాడు, ఏం చేస్తాం.
ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది,
కుడిది ఒళ్ళో
ఎవరో మర్చిపోయి వెళ్ళిన సంచీలా.
క్యాంటీన్లో దోసె ఎడమ చేత్తో తిన్నాను.
చూసినవాళ్ళు చూశారు.

ఏడో వారం ఒప్పుకుంది: పది నిమిషాలు.
అలారం తనే పెట్టి ఇచ్చింది.
నొప్పి వచ్చాక ఆపితే అది ఆపడం కాదంది.

ఎడమ మూతకి రవ్వ ముద్ద అంటించాను.
మొదటి దెబ్బకి
వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.
ఎంతసేపు వాయించానో తెలీదు గానీ
అలారం మోగేసరికి ముక్తాయింపులో ఉన్నాను.
మూడుసార్లు రావాలి. రెండయ్యాయి.
గిన్నెలు ఇంకా మోగడం లేదు.

మర్నాడు మెహరున్నీసా బొటనవేలు అక్కడే పెట్టి నొక్కింది.
నేను పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాను.
చెల్లదురై సీసా దించడం ఆపి
నన్ను చూస్తున్నాడు.
"పదకొండు," అంది ఆవిడ.